మంచి వాచీని తరం దాటించడం ఎలా?

లక్ష రూపాయలు దాటిన వాచీ మన ఇళ్లలోకి సాధారణంగా ఏదో ఒక శుభకార్యం పేరుతోనే వస్తుంది. పెళ్లికొడుక్కి అత్తవారు పెట్టింది, దుబాయ్ నుంచి అన్నయ్య తెచ్చింది, ఉద్యోగంలో పై మెట్టు ఎక్కినప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నది. వచ్చాక దాని గతి రెండు రకాలుగా ఉంటుంది. కొందరు బీరువాలో పెట్టి తాళం వేసి, దగ్గరి పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయరు. మరికొందరు స్నానానికీ, వ్యాయామానికీ, నిద్రకూ కూడా చేతి నుంచి తీయరు; నీళ్లకు తట్టుకుంటుందని రాసి ఉంది కదా అంటారు. రెండూ వాచీకి చేటే.

స్ప్రింగుతో, చక్రాలతో నడిచే వాచీని వాడుతూ ఉండాలన్నది నా గట్టి నమ్మకం. కానీ మన చెమట, మన ఉక్కపోత దాని మీద ఎలా పనిచేస్తాయో తెలుసుకుని వాడాలి. పెట్టెతో పాటు వచ్చే చిన్న పుస్తకాన్ని ప్రపంచమంతటికీ కలిపి రాస్తారు. విశాఖపట్నం ఉప్పుగాలి గురించి, మే నెలలో రామగుండం ఎండ గురించి అందులో ఉండదు. అందుకే మన ఊళ్లలో వాచీ పెట్టుకునే వాళ్లకు పనికొచ్చేలా ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

మీ చేతికి ఉన్నది ఏ రకం?

సెకన్ల ముల్లును కాసేపు గమనించండి. సెకనుకు ఒక్కసారి టక్కున అడుగు వేస్తే చాలావరకు అది సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీ. ముల్లు జారుతున్నట్టు సాగిపోతుంటే స్ప్రింగుతో నడిచే యాంత్రిక వాచీ. నిజానికి అది జారడం కాదు. కంటికి అందనంత చిన్న చిన్న అడుగులు వేస్తుంది. ఇప్పుడొచ్చే చాలా స్విస్ వాచీల్లో లోపలి బ్యాలెన్స్ చక్రం గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు 8 సార్లు ఊగుతుంది. రోజుకు 6,91,200 ఊపులు. ఏడాదికి పాతిక కోట్లు దాటుతాయి. అంత శ్రమ పడే యంత్రం ఇరుసుల దగ్గర ఉండే నూనె సూదిమొనకు అంటేటంత. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకుంటే, సర్వీసు ఎందుకు చేయించాలో వేరే చెప్పనక్కర్లేదు.

యాంత్రిక వాచీల్లో మళ్లీ రెండు రకాలు. రోజూ కీ ఇచ్చేవి ఒకటి, చేతి కదలికతో వాటంతట అవే స్ప్రింగును బిగించుకునే ఆటోమేటిక్‌లు మరొకటి. వెనక మూత అద్దంతో ఉంటే, వాచీని కాస్త ఊపినప్పుడు అర్ధచంద్రాకారపు లోహపు పలక గిర్రున తిరగడం కనిపిస్తుంది. అది ఉంటే ఆటోమేటిక్.

యాంత్రిక వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ కావడం సహజం. స్విట్జర్లాండ్‌లో, యంత్రం కచ్చితంగా నడుస్తుందని క్రోనోమీటర్ ధ్రువపత్రం ఇచ్చే సంస్థ కూడా రోజుకు 4 సెకన్లు వెనకబడినా 6 సెకన్లు ముందుకు పోయినా ఆ యంత్రాన్ని ఒప్పుకుంటుంది. రోలెక్స్ తన వాచీలకు రెండు వైపులా 2 సెకన్లే హద్దుగా పెట్టుకుంది. మీ వాచీ రోజుకు 5 సెకన్లు ముందుకు పోతోందని రిపేరుకు పరుగెత్తకండి. నిన్నటి దాకా 5 సెకన్లున్న తేడా ఈ రోజు నిమిషాల్లోకి వెళ్లిందంటే మాత్రం ఏదో జరిగిందన్నమాట. దాని సంగతి కింద అయస్కాంతం దగ్గర చెబుతాను.

కీ ఇవ్వడం, టైము, తేదీ దిద్దడం

చాలా వాచీలు పాడవడం మొదలయ్యేది ఈ కీ దగ్గరే. కీ అంటే పక్కన ఉండే చిన్న మీట. అది లోపలికి వెళ్లే దారి కూడా. అది సరిగా మూసుకోకపోతే వాచీ తలుపు తెరిచి ఉన్నట్టే.

ముందుగా వాచీని చేతి నుంచి తీయండి. పెట్టుకునే ఉండి కీ తిప్పితే వేళ్లు ఒక పక్కకు లాగుతాయి, లోపల ఉన్న సన్నని కడ్డీ మీద ఆ భారం పడి కొన్నాళ్లకు వంగుతుంది. వాచీని ఎడమ అరచేతిలో పడుకోబెట్టి, కుడి చేతి బొటనవేలు, చూపుడువేలితో పని చేయండి.

కొన్ని వాచీల్లో కీ మరతో బిగించి ఉంటుంది. నీళ్లకు గట్టిగా తట్టుకునే రకాల్లో ఇది మామూలే. దాన్ని మీ వైపుకు, అంటే గడియారపు ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పుతూ పోతే చివరికి చిన్నగా ఎగిరి వదులవుతుంది. అప్పుడు ముందుకు తిప్పి కీ ఇవ్వండి. చేత్తోనే కీ ఇవ్వాల్సిన వాచీ అయితే, తిప్పుతూ ఉండగా ఒకచోట గట్టిగా ఆగినట్టు అనిపిస్తుంది. అక్కడ వదిలేయండి. బలవంతంగా ఇంకో చుట్టు తిప్పాలని చూడొద్దు. రోజూ ఒకే వేళకు, ఉదయం కాఫీ తాగేటప్పుడైనా సరే, ఇస్తే నడక నిలకడగా ఉంటుంది. ఆగిపోయిన ఆటోమేటిక్‌కు పాతిక నుంచి నలభై చుట్లు ఇచ్చి పెట్టుకోండి. ఊపి ఊపి నడిపించడం చాలామంది చేసే పని. దాంతో స్ప్రింగు అరకొరగానే బిగుస్తుంది. ఆటోమేటిక్‌లో నిండుగా బిగిశాక స్ప్రింగు చివర జారిపోయే ఏర్పాటు ఉంటుంది కాబట్టి నాలుగు చుట్లు ఎక్కువైనా తెగదు.

తేదీ ఉన్న వాచీలో ఒక నియమం పాటించండి. ముళ్లు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్య ఉన్నప్పుడు తేదీని నేరుగా మార్చొద్దు. ఆ వేళల్లో తేదీ మార్చే పళ్ల చక్రం అప్పటికే పనిలోకి దిగి ఉంటుంది. మీరు అప్పుడే తిప్పితే పన్ను విరగవచ్చు. కొన్ని కొత్త యంత్రాల్లో ఈ భయం లేదుగానీ, అలవాటు చేసుకుంటే ఏ వాచీకైనా మంచిదే. వాచీ ఆగి ఉన్నప్పుడు అది పగటి 9 చూపుతోందా, రాత్రి 9 చూపుతోందా అన్నది మీకు తెలియదు. అందుకని ఇలా చేయండి. కీని చివరి దాకా లాగి, ముళ్లను ముందుకు తిప్పుతూ తేదీ మారేదాకా వెళ్లండి. అది అర్ధరాత్రి. అక్కణ్ణుంచి 6 గంటల దాకా తీసుకురండి. ఇప్పుడు కీని మధ్య మెట్టుకు నొక్కి నిన్నటి తేదీ పెట్టండి. మళ్లీ చివరి దాకా లాగి, తేదీ ఈ రోజుకు మారేదాకా తిప్పి, అక్కణ్ణుంచి సరైన టైముకు రండి. సాయంత్రం దిద్దుతున్నట్టయితే మధ్యాహ్నం 12 దాటించడం మరవొద్దు, లేకపోతే తేదీ పట్టపగలు మారుతుంది.

కీని తిరిగి బిగించేటప్పుడు నెమ్మది అవసరం. లోపలికి మెల్లగా నొక్కి పట్టుకుని, ముందు ఒక అర చుట్టు వెనక్కి తిప్పండి. మర మొదలు కలిసిన చోట వేళ్లకు చిన్న టిక్కు తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పి బిగించండి. మర తప్పి ఎక్కుతున్నట్టు, గరుకుగా అనిపిస్తే ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ మొదలుపెట్టండి. వేలి బలంతో బిగిస్తే చాలు. పటకారు జోలికి వెళ్లొద్దు.

చెమట, ఉప్పు, పసుపు

మంచి వాచీల్లో వాడే స్టీలుకు తుప్పు పట్టదని అందరూ అనుకుంటారు. తేలిగ్గా పట్టదు, అంతవరకే నిజం. చెమటలోని ఉప్పు, చర్మపు జిడ్డు, దుమ్ము కలిసి పేరుకుని గాలి ఆడని సందుల్లో నెలల తరబడి నిలిస్తే ఎంత మంచి స్టీలైనా సన్నని గుంటలు పడుతుంది. ఏళ్ల తరబడి శుభ్రం చేయని వాచీ వెనక మూత తీసి భూతద్దంలో చూడండి. మూత ఆనే అంచు చుట్టూ గోధుమరంగు మట్టి వలయంలా పట్టి ఉంటుంది. దాన్ని పుల్లతో గీకితే కింద సూదితో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి. రబ్బరు రింగు ఆనవలసిన చోట ఆ గుంటలు పడితే కొత్త రింగు వేసినా తేమ ఆగదు. బయటి మురికి లోపలి యంత్రానికి ఎసరు పెట్టేది ఇలాగే.

అందుకని రోజూ ఇంటికి వచ్చి వాచీ తీయగానే మెత్తని పొడిగుడ్డతో ముందూ వెనకా తుడవండి. కళ్లద్దాలతో ఇచ్చే గుడ్డ దీనికి సరిగ్గా సరిపోతుంది. అర నిమిషం పని. చైను కొక్కెం లోపలి వైపు, బెల్టు కేసుతో (అంటే వాచీ లోహపు ఒంటితో) కలిసే సందు, ఈ రెండూ మరవొద్దు. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు, వేసవిలో బైకు మీద తిరిగేవాళ్లు ఒక్క రోజు కూడా మానకూడదు.

సెంటు, ఒంటికి కొట్టుకునే స్ప్రే, చేతులకు రాసుకునే శానిటైజర్ ఆరాకే వాచీ పెట్టుకోండి. వాటిలోని స్పిరిటు తోలును ఎండగడుతుంది, రంగు లాగేస్తుంది. పెళ్లిళ్లలో పసుపు, గంధం, పన్నీరు మామూలే కదా. పెళ్లికొడుకు మంగళస్నానానికి ముందు వాచీ తీసి, నమ్మకమైన మనిషికి ఇచ్చి, తంతు ముగిశాక పెట్టుకుంటే మంచిది. తోలు బెల్టు మీద పడిన పసుపు మరక నాకు తెలిసి పూర్తిగా పోదు.

స్టీలు చైనును కడిగే పద్ధతి

నెలకోసారి, వేసవిలో రెండు వారాలకోసారి చాలు. కడిగే ముందు రెండు విషయాలు చూడండి. కీ పూర్తిగా లోపలికి ఉందా? వాచీ వయసు ఎంత, రబ్బరు రింగులు మార్చి ఎన్నాళ్లయింది? నీళ్లకు తట్టుకుంటుందని మీకు ఖాయంగా తెలియకపోతే చైను విప్పి దాన్ని మాత్రమే కడగండి. కేసును తడిగుడ్డతో తుడిస్తే చాలు. తాతగారి కాలం నాటి వాచీ అయితే చుక్క నీరు కూడా తగలనివ్వొద్దు.

ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేయండి. వేడినీళ్లు వద్దు. పిల్లలు వాడే మెత్తని టూత్‌బ్రష్‌ను అందులో ముంచి చైను లంకెల మధ్య, కొక్కెం మడతల్లో, కేసు అడుగున మెల్లగా రుద్దండి. నీళ్లు బూడిదరంగుకు తిరగడం చూస్తే ఇన్నాళ్లూ చేతికి ఏం కట్టుకుని తిరిగామో తెలుస్తుంది. తర్వాత మంచినీళ్లతో సబ్బంతా పోయేలా కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, గాలి తగిలే నీడలో ఒకటి రెండు గంటలు ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, జుట్టు ఆరబెట్టే యంత్రం వాడొద్దు. టూత్‌పేస్టు, వంటసోడా, వెండి తోమే పొడి వంటివి దగ్గరికి రానీయకండి. అవన్నీ మెరుగుతో పాటు లోహాన్నీ గీకుతాయి.

బంగారపు వాచీ ఉన్నవాళ్లకు ఒక మాట. అది సాధారణంగా 18 క్యారెట్లది, స్టీలు కంటే మెత్తనిది, గీతలు తొందరగా పడతాయి. ఆ గీతలు పోగొట్టడానికి నగలతో పాటు కంసాలి దగ్గర మెరుగుకు ఇవ్వొద్దు. నగకు లోపల యంత్రం ఉండదు. మీ వాచీకి ఉంటుంది.

నీళ్ల లెక్క

డయలు మీదో వెనక మూత మీదో 30 మీటర్లు అని రాసి ఉంటే, పెట్టుకుని 30 మీటర్ల లోతుకు దిగవచ్చని కాదు. ప్రయోగశాలలో, కదలని నీటిలో, కొత్త వాచీ తట్టుకున్న ఒత్తిడి అది. 30 మీటర్ల వాచీకి చేతులు కడుక్కునేటప్పుడు పడే తుంపర్లు, చిన్న వాన సరే. 50 మీటర్ల దాన్ని కూడా ఈతకు వాడకపోవడమే నా సలహా. 100 మీటర్లది, మరతో బిగించే కీ ఉన్నది అయితే ఈత కొట్టవచ్చు. డైవింగ్ వాచీలకు ఐఎస్‌ఓ 6425 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది; అవి ఇంకా గట్టివి.

వీటన్నిటినీ కాపాడేది సన్నని రబ్బరు రింగులే. రోలెక్స్ 1926లో నీళ్లు చొరని ఆయిస్టర్ కేసు తెచ్చి, మరుసటి ఏడాది మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ ఛానెల్‌లో ఈదినప్పుడు ఆ వాచీని ఆమెతో పంపింది. అది గంటల తరబడి చల్లటి నీళ్లలో ఉండి కూడా నడిచిందని ప్రపంచమంతా చాటింది. మన స్నానాల గది సంగతి వేరు. వేడినీళ్లకు రబ్బరు సాగుతుంది, లోహం వ్యాకోచిస్తుంది, ఆవిరి నీటికంటే సులువుగా సందుల్లో దూరుతుంది, సబ్బు రబ్బరును పాడుచేస్తుంది. గీజరు నీళ్ల స్నానానికి ఎంత గొప్ప వాచీనైనా తీసే వెళ్లండి. ఈతకు తగిన వాచీ కాకపోతే పుష్కర స్నానానికి, కొలనుకు, తీరానికి వెళ్లినప్పుడూ అంతే. ఉప్పునీళ్లు, క్లోరిన్ నీళ్లు తగిలితే వెంటనే మంచినీళ్లతో కడగాలి. తడిగా ఉన్నప్పుడు కీ లాగడం, స్టాప్‌వాచీ మీటలు నొక్కడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

రబ్బరు రింగులు వయసుతో గట్టిపడి పెళుసవుతాయి. నీళ్లలో వాడే వాచీకి ఏడాదికోసారి ఒత్తిడి పరీక్ష చేయించండి. మంచి సర్వీసు కేంద్రంలో వాచీ విప్పకుండా, గాలి ఒత్తిడితోనే నిమిషాల్లో చేసి చెబుతారు.

అయస్కాంతం

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడితే మొదట అనుమానించాల్సింది దీన్నే. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే హెయిర్ స్ప్రింగు వెంట్రుకంత సన్నగా ఉంటుంది. అది అయస్కాంతం బారిన పడితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టయి వాచీ వేగంగా నడుస్తుంది. ఇంట్లో అయస్కాంతాలు లేని చోటు ఏది? ఫోను కవర్లు, టాబ్లెట్ మూతలు, స్పీకర్లు, ఇయర్‌ఫోను డబ్బాలు, హ్యాండ్‌బ్యాగు గుండీలు, ఇండక్షన్ పొయ్యి. రాత్రి వాచీ తీసి ఫోను పక్కన పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. ఒక జానెడు దూరం ఉన్నా చాలావరకు భయం లేదు.

అనుమానం వస్తే మామూలు దిక్సూచిని బల్ల మీద పెట్టి వాచీని మెల్లగా దగ్గరికి తీసుకురండి. దిక్సూచి ముల్లు చలించిపోతుంటే కారణం దొరికినట్టే. అయస్కాంత గుణం తీసే చిన్న యంత్రం వాచీ మెకానిక్కుల దగ్గర ఉంటుంది, కొన్ని క్షణాల పని. దీనికోసం వాచీ విప్పాలి, పెద్ద సర్వీసు చేయాలి అని ఎవరైనా అంటే ఇంకో చోటికి వెళ్లండి. ఈ మధ్య సిలికాన్ స్ప్రింగులు వాడే వాచీలకు ఈ బెడద చాలా తక్కువ. ఒమేగా కొత్త యంత్రాలు 15,000 గౌస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా తట్టుకునేలా తయారవుతున్నాయి.

తోలు బెల్టు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా తోలు బెల్టును లోపల పెట్టి స్టీలు చైనో రబ్బరు బెల్టో వేసుకోండి. చెమట తాగిన తోలు గట్టిపడి, చిట్లి, వాసన వేస్తుంది. దాన్ని తిరిగి మంచి చేసే మందు లేదు. మిగతా నెలల్లోనూ వరసగా రెండు రోజులు పెట్టుకోకుండా ఒక రోజు విడిచి పెట్టుకుంటే ఆరడానికి సమయం దొరుకుతుంది. చేతికి, బెల్టుకు మధ్య చిటికెనవేలు దూరేంత వదులు ఉండాలి. కొబ్బరినూనె రాస్తే తోలు మెత్తబడుతుందని కొందరు చెబుతారు, వినకండి. తోలు నల్లబడి దుమ్ము పడుతుంది. బెల్టును పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులు చిన్నవే గానీ, అవి ఊడితే లక్షల వాచీ రోడ్డు మీద పడుతుంది. బెల్టు మార్చిన ప్రతిసారీ పిన్నులూ కొత్తవి వేయించండి.

గీతలు, దెబ్బలు

మంచి వాచీల అద్దం నీలమణి స్ఫటికంతో తయారైనది. కాఠిన్యంలో వజ్రం 10 అయితే ఇది 9. ఇసుక దాన్ని గీయలేదు, వజ్రపుటుంగరం గీస్తుంది. కేసు సంగతి అలా కాదు. మన వంటింటి గ్రానైట్ గట్టులో ఉండే స్ఫటికపు రేణువులు స్టీలు కంటే గట్టివి. వాచీని గట్టు మీద బోర్లా పెట్టి పక్కకు జరిపితే చాలు, గీతలు సిద్ధం. ఎక్కడ పెట్టినా కింద ఒక గుడ్డ వేయండి. ఒమేగా స్పీడ్‌మాస్టర్ లాంటి కొన్ని మోడళ్లలో ఇప్పటికీ హెసలైట్ అనే ప్లాస్టిక్ అద్దం ఉంటుంది. దానిమీద గీతలు తేలిగ్గా పడతాయి, దాని కోసమే అమ్మే పేస్టుతో తేలిగ్గానే పోతాయి కూడా.

క్రికెట్ ఆడేటప్పుడు, కొబ్బరికాయ కొట్టేటప్పుడు, గోడకు మేకు దింపేటప్పుడు వాచీ తీసేయండి. దెబ్బను తట్టుకునే స్ప్రింగులు ఇరుసులకు ఉన్నా, వాటికీ హద్దు ఉంది. మే నెల మధ్యాహ్నం కారులో వదిలి వెళ్లడం కూడా దెబ్బ లాంటిదే. ఆ వేడికి తోలు బిగుసుకుపోతుంది, రబ్బరు తొందరగా ముసలిదవుతుంది.

పడిన గీతలను ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. పాలిష్ అంటే పైపొరను అరగదీయడమే. రెండు మూడు పాలిష్‌లు అయ్యేసరికి పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రంగా అయిపోతాయి, మెరిసే భాగానికి, గరుకు భాగానికి మధ్య గీత చెరిగిపోతుంది. అమ్మకానికి పెడితే, చూపు ఉన్న కొనుగోలుదారుడు మొదట చూసేది ఆ అంచులనే. గీతలతో ఉన్న అసలు కేసు ఎక్కువ ధర పలుకుతుంది.

సర్వీసు ఎప్పుడు, ఎక్కడ?

రోలెక్స్ తన వాచీలకు సుమారు పదేళ్లకోసారి సర్వీసు అంటుంది, ఒమేగా 5 నుంచి 8 ఏళ్లు అంటుంది. మిగతా వాటికి అయిదేళ్లు అనుకోవచ్చు. వాచీ నడుస్తోంది కదా అని పదిహేనేళ్లు వదిలేస్తే నూనె ఎండిపోయి ఇరుసులు పొడిగా తిరుగుతాయి. అప్పుడు నూనె మార్చడంతో పోదు, భాగాలే మార్చాలి. నిండుగా కీ ఇచ్చినా ముందుకంటే చాలా తొందరగా ఆగిపోవడం, రోజురోజుకూ నడక మారడం, తిప్పుతుంటే కీ గరుకుగా తగలడం ఇవన్నీ పిలుపులే.

మన ఊళ్లలో చిన్న గాజు పెట్టె ముందు కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని పనిచేసే మెకానిక్కుల మీద నాకు చాలా గౌరవం. 1961 నుంచి బెంగళూరులో తయారైన హెచ్‌ఎంటీ వాచీలను రెండు తరాల పాటు నడిపించింది వాళ్లే. మీ హెచ్‌ఎంటీని, పాత ఫావ్రే ల్యూబాను నిశ్చింతగా వాళ్ల చేతిలో పెట్టండి. ఇప్పటి ఖరీదైన వాచీల సమస్య వేరు: చాలా స్విస్ కంపెనీలు విడిభాగాలను బయటివాళ్లకు అమ్మవు. ఎంత పనితనం ఉన్నా అసలు భాగం దొరకనప్పుడు బయటి భాగం వేయాల్సి వస్తుంది, ఆ తర్వాత కంపెనీ కేంద్రం ఆ వాచీని ముట్టుకోకపోవచ్చు. కంపెనీ గుర్తింపు ఉన్న కేంద్రం ఎక్కడుందో ఆ బ్రాండు వెబ్‌సైటులోనే చూసుకోండి. దుకాణదారు మాట ఒక్కటే నమ్మొద్దు.

సెల్లు వాచీకీ ఇదే మాట. సెల్లు మార్చడం అయిదు నిమిషాల పని అనిపిస్తుంది గానీ మూత తెరిచిన ప్రతిసారీ రబ్బరు రింగు చూడాలి, ఒత్తిడి పరీక్ష చేయాలి. ఆగిపోయిన సెల్లును లోపలే వదిలేస్తే కొన్నాళ్లకు అది కారి యంత్రాన్ని తినేస్తుంది.

వాచీ ఇచ్చే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి. రసీదులో మోడల్, సీరియల్ నంబర్లు రాయించండి. పాలిష్ వద్దు అనుకుంటే ఆ మాట కాగితం మీద ఉండాలి. కొన్ని చోట్ల సర్వీసులో భాగంగా అడక్కుండానే చేసేస్తారు. ఏ భాగాలు మారుస్తారో, ఎంతవుతుందో ముందే రాసిమ్మనండి, తీసిన పాత భాగాలు తిరిగి ఇమ్మని అడగండి. తీసుకునేటప్పుడు రోజుకు ఎన్ని సెకన్ల తేడా ఉందో, ఒత్తిడి పరీక్షలో నెగ్గిందో లేదో, హామీ ఎన్నాళ్లో కనుక్కోండి. రోలెక్స్ సర్వీసుకు రెండేళ్ల హామీ ఇస్తుంది.

తాతగారి వాచీని బాగు చేయిస్తున్నవాళ్లు ఇంకొంచెం గట్టిగా ఉండాలి. డయలు మచ్చలు పడింది, కొత్తగా రంగు వేసిస్తాం అంటారు. ససేమిరా వద్దనండి. రంగు వేసిన డయలు మీద అక్షరాలు లావుగా, వంకరగా వస్తాయి. అసలుది ఇక ఎప్పటికీ తిరిగి రాదు. ఆయన చూసిన డయలునే మీరూ చూడాలి కదా. 1960లకు ముందు తయారై, చీకట్లో మెరిసే అంకెలున్న వాచీల్లో రేడియం పూత ఉండే అవకాశం ఉంది. పెట్టుకోవడానికి జంకాల్సిన పని లేదుగానీ, ఇంట్లో మూత విప్పి ఆ పొడిని కదిలించొద్దు.

దాచి పెట్టేటప్పుడు

బీరువాలో పెడితే కలరా ఉండలకు దూరంగా పెట్టండి, తోలుకు పట్టిన ఆ వాసన వదలదు. డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మార్చండి. బ్యాంకు లాకరులో ఉన్న యాంత్రిక వాచీని నెలకోసారి తీసి కీ ఇచ్చి ఒక రోజు నడవనిస్తే మంచిది. అంత వీలు లేకపోతే ఆగి ఉండనివ్వండి, దానివల్ల మునిగిపోయేది లేదు. వాచీని తిప్పుతూ ఉంచే విద్యుత్తు పెట్టెలు చాలామందికి అనవసరం. పున్నమి, నెల, ఏడాది అన్నీ చూపే వాచీ ఉన్నవాళ్లకు మాత్రం, ఆగితే మళ్లీ దిద్దడం పెద్ద తతంగం కాబట్టి, అవి అక్కరకు వస్తాయి.

బిల్లు, వారంటీ కార్డు, సర్వీసు రసీదులు వాచీతో కాక విడిగా దాచండి. దొంగ రెండూ ఒకేసారి పట్టుకుపోకూడదు. సీరియల్ నంబరు ఎక్కడో రాసుకోండి. ఇంటి బీమా ఉంటే వాచీని అందులో పేరు పెట్టి చేర్పించారో లేదో చూడండి. విదేశాలకు వెళ్లేటప్పుడు అది ఇక్కడిదేనని చూపే బిల్లు నకలు దగ్గర ఉంటే తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ దగ్గర వాదన ఉండదు.

అద్దం లోపల ఆవిరి కనిపిస్తే

ఏసీ గదిలోంచి ఎండలోకి వచ్చినప్పుడు అద్దం పైన తేమ పడితే అది వట్టి వాతావరణం. గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచినా పోకపోతే తేమ లోపల ఉంది. ఎండలో పెడితే ఆవిరి కనబడకుండా పోతుంది కాబట్టి బాగైపోయిందనుకుంటారు. నీరు ఎక్కడికీ పోలేదు, లోపలే ఇంకో చోట, స్టీలు భాగాల మీద కూర్చుంది. బియ్యంలో పెట్టడం కూడా దండగ, మూసి ఉన్న కేసులోంచి బియ్యం తేమను లాగలేవు.

కీ తిప్పొద్దు, మీటలు నొక్కొద్దు. ఆటోమేటిక్ అయితే ఊపకుండా ఉంచండి. అదే రోజు వాచీని మూత విప్పి ఆరబెట్టగల మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. కంపెనీ కేంద్రం వేరే ఊళ్లో ఉంటే అంతదాకా ఆగకుండా దగ్గర్లో ఉన్న మంచి మెకానిక్కు చేత మూత తెరిపించి ఆరబెట్టించి, తర్వాత అక్కడికి పంపండి. తుప్పుకు ఒకటి రెండు రోజులు చాలు. లోపలికి పోయింది మంచినీళ్లా ఉప్పునీళ్లా, ఎన్ని గంటలయింది అన్నది ఆయనకు మొదటే చెప్పండి. ఉప్పునీళ్లయితే ఆరబెట్టడం సరిపోదు, యంత్రాన్ని వెంటనే విప్పి కడగాల్సిందే.